పక్క తోట ఫోటోలు

కడియం కాలవ గట్టు మీది నర్సరీల వాళ్ళు ఒక పెద్దాయన గురించి ఇప్పటికీ ఒక మాట అంటారు. పక్కవాడి తోటను ఫోటోలు తీయించి, తన తోటేనని ఇంటర్నెట్‌లో పెట్టుకున్నాడని. ఆ ఫోటోలు తీసింది నేను. వాటి కింద ‘మా సొంత తోట’ అని ఇంగ్లీషులో రాసిందీ నేనే. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. అందులో ఏముందని ఆయన అడిగితే, లేనిది ఉన్నట్టు చెప్పిందీ నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో కంప్యూటర్ కోర్సు చేశాను. నాతో చదివినవాళ్ళలాగే హైదరాబాదు వెళ్ళి, అక్కడ ఏ ఉద్యోగమూ దొరక్క కొవ్వూరు తిరిగొచ్చాను. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బాగుండదని, వ్యాపారాలవాళ్ళకు వెబ్‌సైట్లు చేసిపెడతానని చెప్పుకుంటూ తిరగడం మొదలుపెట్టాను. ఇంట్లో కంప్యూటర్ లేదు. రోజూ పొద్దున్నే బస్సులో గోదావరి దాటి, రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో మూల సీటు పట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఎండలో షాపులు తిరిగేవాణ్ణి.

ఒక బట్టల షాపు యజమాని నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, “మా షాపెక్కడని స్టేషన్లో రిక్షా అతన్నడిగినా చెప్తాడు కదా బాబూ. మళ్ళీ ఇంటర్నెట్టెందుకు?” అన్నాడు. ఒక లాడ్జి మేనేజరు, “ఇది టీవీలో వస్తుందా?” అని అడిగాడు.

“కంప్యూటర్లో వస్తుందండి.”

“మా దగ్గర కంప్యూటర్ లేదుగా.”

“మీరు చూడక్కర్లేదండి. వేరే ఊళ్ళవాళ్ళు చూస్తారు.”

“మేం చూడందాన్ని ఎవరో చూస్తే మాకేంటండీ?” అని ఆయన పేపరు చదువుకోవడంలో పడిపోయాడు.

అలాంటి రోజుల్లో దొరికాడు ఈ నర్సరీ పెద్దాయన. మా మేనమామకు తెలిసినాయన. మొక్కల లోడుతో బెంగుళూరు వెళ్ళినప్పుడు అక్కడొక పార్కు పని చేయించే కుర్రాడు కంప్యూటర్లో ఒక మొక్క చూపించి, ఇది మీ దగ్గరుందా అని అడిగాడట. “ఆ మొక్క నా దగ్గరుంది అబ్బాయ్. కానీ ఆ పెట్టెలో నేను లేను. నన్ను కూడా అందులో పెట్టు,” అన్నాడు నాతో. నా మొదటి పని అది. ఆ రోజు బస్సులో కూర్చున్నవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పాలనిపించింది.

ఆయన తోటకూ పక్క తోటకూ మధ్య వెదురు దడి ఉండేది. పక్క తోట ఆయనకూ ఈయనకూ చుట్టరికం లేదు, అయినా ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు. వాళ్ళ తండ్రుల నాటి నుంచి రెండు తోటలకూ ఒక పద్ధతి ఉండేది. కొనడానికి వచ్చినవాడు అడిగిన మొక్క తన దగ్గర లేకపోతే, లేదని పంపేయకూడదు. వెంటబెట్టుకుని పక్క తోటకు తీసుకెళ్ళి, “ఇది మా బావ పెంచిన మొక్క” అని పేరు చెప్పి చూపించాలి. పక్క తోటలోంచి చెప్పకుండా మొక్కలు తెచ్చి తన లోడులో కలిపేసుకోవడం, అవి తనవేనని చెప్పుకోవడం ఆ రెండిళ్ళలోనూ లేవు. కొనేవాడికి మొక్కతో పాటు పెంచినవాడి పేరు కూడా తెలియాలి. ఆ పద్ధతి ఎంత గట్టిదో నాకు అప్పట్లో తెలియదు. మొక్కలంటే మొక్కలే అనుకున్నాను.

వెబ్‌సైటు ఎప్పుడు మొదలుపెడతామో పెద్దాయన పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించాడు. ఆషాఢం వస్తే కొత్త పనులు మొదలుపెట్టరు కనుక, జ్యేష్ఠం వెళ్ళిపోయేలోగా ఒక బుధవారం ఉదయం. నేను సరేనన్నాను. స్టూడియో అతన్ని బతిమాలి ఒక్క రోజుకు డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాను. తీరా తోటకు వెళ్ళేసరికి అక్కడ మొక్కలు లేవు. తొలకరి పడగానే పై ఊళ్ళ నుంచి లారీలు వచ్చి లోడు మీద లోడు ఎత్తుకుపోయాయి. వరసలుండే చోట తడి మట్టిలో మొక్కల సంచుల గుర్తులు మాత్రం మిగిలాయి.

“ఫోటోలు ఇంకో పది రోజులాగి తీసుకుందామా అబ్బాయ్? కొత్త అంటు మొక్కలు వస్తాయి,” అన్నాడు పెద్దాయన.

“కెమెరా సాయంత్రం ఇచ్చెయ్యాలండి. ముహూర్తం కూడా దగ్గరకొచ్చేసింది కదండి.”

దడి అవతల పొట్టి రకం నూరువరహాలు ఎర్రగా, పసుపుగా విరగబూసి ఉన్నాయి. మందారాలున్నాయి. పక్కాయన ఏదో పెళ్ళికి తుని వెళ్ళాడు. ఆయన భార్యను అడిగితే, “పూలేగా బాబూ, తీసుకో. మొక్కలు పట్టుకెళ్ళిపోవుగా!” అని నవ్వింది. రెండు గంటలు తిరిగి తీశాను. ఆకుపచ్చ రంగేసిన ఆయన మోటారు షెడ్డు కూడా ఒక ఫోటోలో వెనకాల పడింది.

కెమెరాలో చూసి పెద్దాయన మెచ్చుకున్నాడు. తర్వాత, “వీటి కింద మా బావ పేరు వెయ్యి. మర్చిపోకు,” అన్నాడు.

నేను మర్చిపోలేదు. అదే చెప్పాలి ఇక్కడ. ఎక్కడో విదేశీ నర్సరీ వాళ్ళ వెబ్‌సైటు చూసి, అదే వరసలో పేజీ కట్టుకున్నాను. అందులో పెద్ద అక్షరాల్లో ‘మా సొంత తోటలో మా చేతులతో పెంచిన మొక్కలు’ అని ఉంది. వినడానికి బాగుందని అదే ఎత్తి రాశాను. వేరేవాళ్ళ పేరు వేస్తే పేజీ అందం పోతుందనిపించింది. ముందు ఇలా ఎక్కించేసి, పెద్దాయన తోటలో అంట్లు వచ్చాక ఫోటోలు మార్చేద్దామనుకున్నాను.

బుధవారం ఉదయం పెద్దాయన భార్యతో, పంతులుగారితో ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చాడు. మానిటర్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. సెంటర్ నడిపే అతను గాభరాపడి, “కొబ్బరికాయ బయట కొట్టుకోండి బాబూ, కీబోర్డులో నీళ్ళు పడితే అది పోతుంది!” అని అరుస్తూనే ఉన్నాడు. పంతులుగారు, “టైము దాటిపోతోంది, కానివ్వండి,” అన్నారు. మీట నొక్కాను. ఫోను లైను మెల్లగా లాగుతూ, పైనుంచి కిందకు ఒక్కో గీతగా ఫోటో దిగింది. నూరువరహాలు. ఆ వెనక ఆకుపచ్చ షెడ్డు.

పెద్దాయన స్క్రీను దగ్గరకు వంగి, అక్షరాల మీద వేలుపెట్టి అడిగాడు. “బావ పేరు ఇదేనా?”

“అదేనండి,” అన్నాను.

అందరి ముందూ, ముహూర్తం నడుస్తుండగా, కాదు అనడానికి నోరు రాలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ మర్నాడైనా మార్చవచ్చు కదా. ఆ వారంలో మార్చవచ్చు. నర్సరీకి వెబ్‌సైటు చేశానని విని ఆ లాడ్జి మేనేజరే పని ఇచ్చాడు, ఆ తర్వాత ఒక స్వీట్ షాపు వాళ్ళు ఇచ్చారు. చేతినిండా పని దొరికాక పాత పేజీ తెరిచి చూడలేదు. అంట్లు వచ్చాయని పెద్దాయన రెండుసార్లు కబురు పెట్టాడు. వస్తానండి, వస్తానండి అన్నాను.

వర్షాలు వెనకబట్టాక నాగపూరు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. చేతిలో ఆ పేజీ ప్రింటు. నూరువరహాలు లారీ నిండా కావాలన్నాడు. పెద్దాయన సంబరపడి, వెబ్‌సైటు చేసిన కుర్రాణ్ణి చూపిస్తానని నన్ను కూడా పిలిపించాడు. నేను వెళ్ళేసరికి కాంట్రాక్టరును పద్ధతి ప్రకారం దడి దాటించి పక్క తోటకు తీసుకెళ్తున్నాడు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను.

“ఇవి మా బావ పెంచినవండి,” అని పెద్దాయన చూపించాడు.

కాంట్రాక్టరుకు తెలుగు వచ్చు. “మీ సొంత తోట అని రాశారు కదా. మరి వేరేవాళ్ళ తోటకు తెచ్చారేంటి?” అని ప్రింటు ముందుకు చాచాడు.

పక్కాయన ఆ కాగితం తీసుకున్నాడు. ఆయన మెట్రిక్ దాకా చదివినవాడు. పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. ఫోటోలో తన షెడ్డు చూశాడు. తల ఎత్తి అసలు షెడ్డు వైపు చూశాడు.

“ఏంటి బావా ఇది? నేను తుని వెళ్ళొచ్చేలోపు నా తోట నీదైపోయిందా?”

పెద్దాయన ఏమీ అర్థంకాక కాంట్రాక్టరును అడిగాడు. ఆయన తెలుగులో చెప్పాడు. అప్పుడు పెద్దాయన నా వైపు చూశాడు. నేను కింద మొక్కల వైపు చూశాను.

“పొరపాటైంది బావా. నాదే పొరపాటు,” అన్నాడు పెద్దాయన.

“పొరపాటేంటి? చేతులతో పెంచాం అని రాసుకున్నావు. ఎవరి చేతులు? అడిగితే మొక్కలే ఇచ్చేవాణ్ణి కదా. పేరు ఎందుకు తీసేశావు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాణ్ణి ఆ తోటలో నేనొక్కణ్ణే. చెప్పలేదు. కాంట్రాక్టరు తగువు చూసి వేరే నర్సరీకి వెళ్ళిపోయాడు.

తిరిగి దడి దాటాక పెద్దాయన నన్ను తిట్టలేదు. “నిన్ను పట్టిచ్చేస్తే ఈ గట్టు మీద ఇంకెవరూ నీకు పనివ్వరు. కొత్తగా మొదలెట్టావు. నీ అంతట నువ్వే వెళ్ళి చెప్పు, అప్పుడు ఆయనకీ కోపం పోతుంది, నీకూ బాగుంటుంది,” అన్నాడు.

“రేపే చెప్తానండి,” అన్నాను.

వెళ్ళలేదు. ఆ రాత్రే పేజీలో ఫోటోలు తీసేశాను, అదేదో పరిష్కారమైనట్టు. ఈలోగా ఆ సంగతి గట్టంతా పాకిపోయింది. తోటల్ని ఫోటోలు తీసి ఎవరైనా తమవని చెప్పుకోవచ్చని తెలిశాక, ప్రతి నర్సరీ వాళ్ళకూ సొంత వెబ్‌సైటు కావాల్సి వచ్చింది. ఆ భయం వల్ల నాకు పని పెరిగింది. పెద్దాయన పరువు పోయిన చోటే నా వ్యాపారం నిలబడింది. ఇది ఎలా రాసినా బాగుండదు.

వాళ్ళలో పక్క తోట ఆయన కూడా ఉన్నాడు. నన్ను పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టాడు. “నా పేరు పెద్దగా వెయ్యి. కింద నా ఫోటో వెయ్యి. ఇంకెవడూ ఎత్తుకుపోకుండా,” అన్నాడు. ఆయన భార్య గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చింది. “నీ చేత తప్పు రాయించాడు చూడు, చిన్నపిల్లాడివని,” అంది ఆమె.

“ముసలాడికి డబ్బాశ పుట్టింది,” అన్నాడు ఆయన.

నేను మజ్జిగ తాగాను. తల ఊపాను. కాదు అనకపోవడం వేరు, తల ఊపడం వేరు. తల ఊపాను.

ఆ తర్వాత రెండు తోటల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పెద్దాయన కూతురి పెళ్ళికి పక్కింటివాళ్ళు రాలేదు. కొనడానికి వచ్చినవాడు లేని మొక్క అడిగితే, ‘లేదండి’ అని పంపేయడం మొదలైంది. పెద్దాయన దగ్గరకు నేనూ వెళ్ళడం మానేశాను. ఎదురుపడితే, ‘చెప్పావా?’ అని అడుగుతాడని భయం. తర్వాత్తర్వాత నా పని హైదరాబాదుకు మారింది. మనుషుల్ని పెట్టుకున్నాను, ఆఫీసు పెట్టుకున్నాను. ఎవరైనా ఎలా మొదలెట్టారని అడిగితే, ‘కడియం నర్సరీలతో’ అని నవ్వుతూ చెప్పేవాణ్ణి.

ఈమధ్య నా ఆఫీసులో పనిచేసే ఒకతను వేరే కంపెనీ వాళ్ళ ఫోటోలు మా క్లయింటు పేజీలో పెట్టి, అడిగితే తాను కాదన్నాడు. నేను అందరి ముందూ గట్టిగా అరిచాను. అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆపేశాను. ఆ వారమే కడియం వెళ్ళాను.

పక్క తోట ఆయన పైపుతో నీళ్ళు పెడుతున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి, “ఓరి, కంప్యూటర్ అబ్బాయ్!” అన్నాడు. నిలబడే చెప్పేశాను. పేరు వెయ్యమని పెద్దాయన చెప్పాడని, వేశానని నేను అబద్ధమాడానని, ఆ రోజు తోటలో నేను నోరు విప్పలేదని.

ఆయన నీళ్ళు ఆపలేదు. పైపు ఒకే మొక్క దగ్గర ఉండిపోయి, సంచిలో మట్టి పొంగి కిందకు కారుతోంది.

“ఇప్పుడెందుకు చెప్పావు నాకు?” అన్నాడు. “అప్పుడు చెప్తే నిన్ను ఒక లెంపకాయ కొట్టి, ఆ పూటే వెళ్ళి బావతో కాఫీ తాగేవాణ్ణి. ఇప్పుడేం చెయ్యమంటావు? ఆ పిల్ల పెళ్ళికి వెళ్ళలేదు. ఆయనకి ఆపరేషనైతే చూడ్డానికి వెళ్ళలేదు. ఆయన గురించి గట్టంతా చెప్పాను. వాటన్నిటికీ ఇప్పుడు నేను దొంగనయ్యాను. నీ బరువు తెచ్చి నా నెత్తిన పెట్టి పోతున్నావు.”

 వెళ్ళిపోమన్నట్టు చెయ్యి ఊపాడు.

వెదురు దడి ఉన్న చోట ఇప్పుడు ఇటుక గోడ ఉంది. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి పెద్దాయన తోటకు వెళ్ళాను. ఆయన గొడుగు నీడలో స్టూలు మీద కూర్చుని సంచుల్లో మట్టి నింపుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఎన్నేళ్ళయిందో, పిల్లలెంతమందో అడిగాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. క్షమించమని అడిగాను. ఆ మాట ఆయనకు వినిపించిందో లేదో నాకు తెలియలేదు.

“మా బావకి చెప్పావా?” అన్నాడు.

“చెప్పానండి.”

“వస్తానన్నాడా?”

“అనలేదండి.”

 ఆయన మళ్ళీ సంచిలో మట్టి నింపడం మొదలుపెట్టాడు. నేను వచ్చేస్తుంటే వెనకనుంచి అడిగాడు.

“ఒంట్లో ఎలా ఉందట మా బావకి?”