కొత్తనీటి గండి

మా మేనత్తకు నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అంతుపట్టదు. ఆమదాలవలసలో ఏ పెళ్లికి వెళ్లినా నలుగురిలో నన్ను నిలబెట్టి అడుగుతుంది.

"ఒసే, అంత సదువు సదివినావు కదా, నువ్వు సేసే పని ఏటో ఒక్కపాలి తిన్నగా సెప్పు."

వంతెనలూ రోడ్లూ కట్టేచోట ఏర్లూ, మా వైపు గెడ్డలనే చిన్న వాగులూ పాడవకుండా, వాటిలో చేపలు చావకుండా చూసే పని అని చెబుతాను. కట్టేవాళ్లకు సలహా చెప్పాలి, వినకపోతే పోట్లాడాలి.

"అంటే సేపలకి కాపలా అన్నమాట" అని తేల్చేసి, పక్కనున్నవాళ్లతో "మావోలు వరి పండించి బతికినోలు, ఇది సేపల్ని కాసి బతుకుతాది" అంటుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చుతుంది. నా పనిని అంత పొట్టిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని సైట్లలో అందరికీ తెలుసు. "చేపల మేడం వస్తోంది" అని గేటు దగ్గరనుంచి ఫోన్ వెళితే చాలు, గెడ్డ ఒడ్డున డ్రమ్ములు కడుక్కుంటున్న సిమెంటు లారీలు గబగబా వెనక్కి జరుగుతాయి. ఆ పేరు నా వెనకాల పెట్టుకున్నదే. ఎదురుగా పిలిచినా పలుకుతాను.

ఆ పేరు నాకు నౌపడ వైపు ఒక గెడ్డ మీద వచ్చింది. పడమటి కొండల్లో పుట్టి, వరిపొలాల మధ్యగా నడిచి, ఉప్పుమడుల పక్కనుంచి సముద్రపు పాయలో కలిసే చిన్న గెడ్డ. ఎండాకాలంలో చూస్తే దాన్ని గెడ్డ అని ఎవరూ అనరు. అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగు, మధ్యలో ఇసుక, ఇసుకలో మేకలు. దాని మీద ఇరుకు వంతెన తీసేసి కొత్తది కడుతున్నారు. లారీలు దాటడానికి గెడ్డకు అడ్డంగా మట్టికట్ట వేశారు. నీళ్లు పోవడానికి కట్ట అడుగున సిమెంటు పైపులు పెట్టారు. నన్ను పిలిచేసరికే కట్ట తయారైపోయింది. పైపుల మూతులు గెడ్డ అడుగుకన్నా మోకాలెత్తున ఉన్నాయి.

సైటు మేనేజరు కొత్తవలస మనిషి. పనిమంతుడే, నోరు మాత్రం నాకంటే పెద్దది. మేమిద్దరం ఎప్పుడూ పుస్తకాల తెలుగులో మర్యాదగా మొదలుపెట్టి, కోపం వచ్చాక ఇంటి తెలుగులోకి దిగేవాళ్లం.

"పైపుల్లోంచి నీళ్లు దూకితే చేప పైకి ఎలా ఎక్కుతుందండీ?" అని అడిగాను.

"ఈ ఇసకలో సేపేటి మేడం? మేకలు తప్ప" అన్నాడు. అంటే ఆ రోజు ఇంటి తెలుగు తొందరగానే వచ్చేసింది.

అతనికి కొత్తనీటి సంగతి చెప్పాను. తొలకరి తరువాత కొండల్లో గట్టి వాన పడితే గెడ్డలోకి ఎర్రటి వరద వస్తుంది. అదే కొత్తనీరు. ఎండాకాలమంతా కింద మడుగుల్లో దాక్కున్న చిట్టి పరిగెలు, జెల్లలు, పెద్ద పెద్ద వాలుగలు ఆ నీరు తగలగానే లేస్తాయి. గుడ్లతో నిండిన పొట్టలు మోసుకుంటూ ప్రవాహానికి ఎదురెక్కి, పైన పొలాల్లోని పల్చటి నీళ్లలో గుడ్లు పెడతాయి. వరద వెనకబట్టాక పెద్దవీ పిల్లలూ కలిసి దిగుతాయి. ఆ కాసిని రోజులు దారి మూసేస్తే ఆ ఏడాదికి గెడ్డ గొడ్డుపోయినట్టే. అందుకని కట్టకు ఒక పక్కన లోతుగా గండి కొట్టి వదిలిపెట్టమన్నాను.

"గండి కొడితే లారీలు ఊళ్లన్నీ సుట్టి రావాల. సేపల కోసం తిరిగినాయని పై ఆపీసోలికి ఏ మొకం ఎట్టుకుని సెప్పాల?"

"నా మొకం ఎట్టుకుని సెప్పండి" అన్నాను.

మాట తెగలేదు. కట్ట మీద, లారీల దారికి నడిమధ్యన గొడుగు వేసుకుని కూర్చున్నాను. కేరేజీ విప్పి అన్నం కలుపుకున్నాను. ఎదురుగా ఒక కంకర లారీ, దాని వెనక ఇంకొకటి వచ్చి ఆగి హారన్లు కొట్టాయి. చింతకాయ పచ్చడి అయ్యేదాకా నేను కదల్లేదు. ఈ పద్ధతి ఏ చదువులోనూ చెప్పరు. మా వైపు ఆడవాళ్లు కుళాయి దగ్గర నేర్చుకుంటారు.

చివరికి అతనే గొడుగు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గండి కొడతాను. కానీ ఒక మాట మేడం. మీ సేపలు నిజంగా ఎక్కాల. ఎక్కకపోతే ఆ పూటే మూసేత్తాను. ఇంక ఈ సైటులో మీ మాట సెల్లదు."

సరే అన్నాను. అన్నానే గానీ, చేపలు నా చుట్టాలా, పిలవగానే వస్తాయా అని ఇంటికి వచ్చాక గుబులు పుట్టింది.

మబ్బులు పట్టకముందే జేసీబీ గండి కొట్టింది. దానికి పైపులకన్నా లోతు ఎక్కువ, కాబట్టి నీళ్లు ముందు అందులోంచే పోతాయి. ఉత్త గండి అయితే వరద దూకుడుకు చేప నిలబడలేదు. అందుకని మోకాళ్ల లోతు బురదలో నిలబడి పెద్ద రాళ్లు పేర్పించాను. మెట్లు మెట్లుగా, మెట్టుకూ మెట్టుకూ మధ్య చేప ఆగి అలుపు తీర్చుకోవడానికి చిన్న గుంట ఉండేలా. ఒక రాయి నచ్చక తీయించి మళ్లీ పెట్టించాను.

"ఇంట్లో గిన్నెలు సర్దినట్టు సర్దుతన్నారు" అన్నాడు జేసీబీ డ్రైవరు.

"మా ఇంట్లో గిన్నెలు ఇంత బాగా ఉండవు" అన్నాను. నిజమే, ఉండవు.

ఆషాఢంలో ఒక సాయంత్రం పడమట ఆకాశం కాటుక పెట్టినట్టు నల్లబడింది. రాత్రంతా వాన. పొద్దున్నే పాసింజరు ఎక్కి నౌపడలో దిగాను. ఉప్పు రాశుల మీద కప్పిన తాటాకులు తడిసి నిగనిగలాడుతున్నాయి. ఆటోలో వెళ్తున్నంతసేపూ పరీక్షా ఫలితాలకు వెళ్తున్నట్టు డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాను. గెడ్డ కనిపించింది. ఎర్రటి నీరు, ఒడ్డునుంచి ఒడ్డుకు. కొత్తనీరు వచ్చేసింది.

గండి దగ్గరికి పరుగెత్తాను. నేను పేర్చిన రాళ్లమధ్య, ప్రతి సందులోనూ, ఒకదాని పక్కన ఒకటి మావులు పెట్టి ఉన్నాయి.

మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. చేప లోపలికి వెళ్లగలదు, బయటికి రాలేదు. పక్క ఊరి మగవాళ్లంతా కట్ట మీద గోనెసంచులు కప్పుకుని కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. అందరి ముఖాల్లో పండగ. నన్ను చూసి ఒక పెద్దాయన లేచి దండం పెట్టాడు.

"రా తల్లీ. నీ పున్నెమాని ఈయేడు సేపలన్నీ ఒకే దారంట వస్తన్నాయి. మా కోసం ఇంత కస్టపడి గండి కొట్టించినావట కదా."

వరుసగా ఉన్న మావులు లెక్కపెట్టాను. వాళ్ల తప్పు కాదు. గండి కనబడితే మావు పెట్టడం మా వైపు మనుషులకు ఆవలింత వచ్చినట్టు వస్తుంది. మా నాన్న కూడా పొలం గట్టుకు గండి పడితే ముందు మావు పెట్టి, ఆ తరువాతే గట్టు సంగతి చూసేవాడు. బురదలో నిలబడి రాళ్లు పేర్పించిన మనిషి ఎవరికోసం పేర్పించిందని వాళ్లు అనుకోవాలి?

ఆ పెద్దాయన భార్య ఒక బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో చేతి పొడవున్న వాలుగ. మూతి నీళ్లలోంచి తీసి గాలి మింగుతోంది. పొట్ట ఉబ్బి ఉంది. "మొదటి సేప నీకే అని ఉంచినాను అమ్మా. మంచి గుడ్డున్నాది. పులుసెట్టుకో."

అంత ప్రేమగా ఇస్తుంటే కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది. కష్టపడే తెచ్చుకున్నాను.

"మావులు తీసీండి. ఇది చేపలు పైకెళ్లడానికి కొట్టించిన దారి" అన్నాను.

కట్ట మీద ఒక్కసారి గోల లేచింది. తాతల నాటినుంచి పెడుతున్నామని ఒకరు, మేం తీస్తే అవతలి ఊరివాళ్లు పెడతారని మరొకరు. పూర్వం గెడ్డ మొత్తం తెరిచి ఉండేది, మావుకు చిక్కినవి చిక్కేవి, మిగతావి ఎక్కేవి, ఇప్పుడు ఉన్నది ఒక్కటే గుమ్మం అని చెప్పాను. ఒక్కరూ వినలేదు. ఈలోగా మేనేజరు గొడుగు కింద నవ్వుకుంటూ వచ్చాడు.

"మేడం, మా లారీలు ఊళ్లన్నీ తిరగతన్నాది ఈ ఊరోల పులుసు కోసమేటి? మద్దేనానికి ఈ మావులు నేకపోతే సరి. ఉంటే గండి మూసేత్తాను."

అతను చెప్పింది న్యాయమే. అదే నన్ను మరీ మండించింది.

బకెట్టు ఎత్తుకుని కట్టకు అవతలి వైపు, పై నీళ్లలోకి దిగాను. అందరూ చూస్తుండగా వాలుగను వదిలేశాను. అది ఒకసారి తోక కొట్టి ఎర్రనీళ్లలో కలిసిపోయింది.

ఇచ్చిన ఆమె ముఖం మాడిపోయింది. "ఇచ్చిన సేపని పారబోసినావేటమ్మా? మా సేతి సేప తినవేటి?"

ఆ ఒక్క ప్రశ్నకు నా కోపమంతా దిగిపోయింది. ఒడ్డుకు వచ్చి ఆమె చేయి పట్టుకున్నాను.

"తింటాను అమ్మా. నీ ఇంట్లో కూర్చుని తింటాను. కానీ అది కడుపుతో ఉన్నాది. పైన మీ పొలాల్లోకి పురుటికి వస్తన్నాది. మనమైతే పురుటికొచ్చిన పిల్లకి ఎదురెల్లి సంచి అందుకుంటాం. దీన్ని గుమ్మంలోనే పట్టుకుంటే, పైన పుట్టాల్సినవి ఎక్కడ పుడతాయి? వానలు తగ్గినాక మీ మావుల్లోకి ఏటి దిగుతాది?"

ఆమె కాసేపు గండి వైపు చూసింది. పక్కనున్న మావులోని పరిగెలు వెదురు పుల్లలకేసి కొట్టుకుంటున్నాయి. తరువాత ఆమె మగవాళ్ల వైపు తిరిగింది.

"తీసీండ్రా."

"నువ్వూరుకో" అన్నాడు పెద్దాయన.

"నానెందుకూరుకోవాల? ఎక్కేదాన్ని ఒగ్గేద్దుం. దిగినప్పుడు మనవే పట్టుకుందుం. ఎక్కడికి పోద్దది?"

"అవతలూరోలు ఎట్టేత్తే?"

"ఆలు నా మేనల్లుల్లే. నాను సెప్తాను. ఇననోడి ఇంటికెల్లి ఆడి పెల్లానికి సెప్తాను."

ఈ చివరి మాటకు కట్ట మీద నవ్వు పుట్టింది. ఒకతను లేచి గొణుక్కుంటూ తన మావు తీశాడు. తీసి అందులోవి పై నీళ్లలోకి వంచాడు. అతన్ని చూసి ఇంకొకరు. పరిగెలైనా పట్టుకోవచ్చా అని ఒకరు బేరమాడారు. పరిగెలు కూడా వద్దన్నాను. పెద్దాయన మాత్రం తన మావు పక్కన బండరాయిలా కూర్చున్నాడు. నేనూ వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన చుట్ట ఆరిపోయేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. చివరికి "నీతోటి ఏగలేం తల్లీ" అని లేచి మావు తీశాడు.

గండి ఖాళీ అయింది. నీళ్లు నా రాళ్ల మీదుగా మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. ముందు ఏమీ కనిపించలేదు. మేనేజరు ఫోనులో టైము చూసుకున్నాడు. నేను అటు చూడలేదు.

అప్పుడు కింది గుంటలో నీరు చిన్నగా మెరిసింది. పరిగెలు. ఒక మెట్టు ఎగిరి, గుంటలో ఆగి, మళ్లీ ఎగిరాయి. నేను తీయించి మళ్లీ పెట్టించిన రాయి నీడలో ఆగి అలుపు తీర్చుకున్నాయి. సరిగ్గా అక్కడే. వాటి వెనక జెల్లలు, పొట్టలు రాళ్లకు రాసుకుంటూ. ఆ తరువాత ఒక పెద్ద వాలుగ, వీపు సగం నీళ్లపైనే, ప్రవాహాన్ని తలతో నెట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కింది. ఆఖరి మెట్టు మీద జారింది. కట్ట మీదున్న మనుషులంతా ఒకేసారి లేచి నిలబడ్డారు. రెండోసారి ఎక్కేసింది.

"ఎక్కీసినాది" అన్నాడు మేనేజరు. చెప్పులు ఎప్పుడు విప్పాడో, బురదలోకి దిగి ఫోనులో వీడియో తీస్తున్నాడు. సాయంత్రానికి ఆ వీడియో వాళ్ల పై ఆఫీసుకు వెళ్లిపోయింది. దాని కింద అతను "మన గండి" అని రాసుకున్నాడు. మన అంటే ఎవరని నేను అడగలేదు.

నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇలాంటిది పైకి చెప్పుకోకూడదంటారు. నేను చెప్పుకుంటాను. పొట్టనిండా గుడ్లతో ఒక ప్రాణి నేను పేర్పించిన రాయి మీద అడుగుపెట్టి పైకి వెళ్లింది. కట్టిన వంతెనకు శిలాఫలకం ఉంటుంది. ఈ పనికి ఏమీ ఉండదు. వానలయ్యాక కట్టను తవ్వేశారు, రాళ్లూ పోయాయి. ఇప్పుడు అక్కడికి వెళ్లి చూస్తే మామూలు గెడ్డ, దాని మీద కొత్త వంతెన. మామూలుగా ఉండటమే నేను చేసిన పని.

మేనేజరు ఇప్పుడు వేరే గెడ్డ మీద ఉన్నాడు. పైపులు దించకముందే ఫోన్ చేశాడు. "మేడం, గండి ఎటేపు ఒగ్గాల? ముందే సెప్పీండి, మళ్లీ కేరేజీ అట్టుకుని వచ్చేత్తారు."

ఆ ఏడాదే వరదలు వెనకబట్టాక, కార్తీకమాసం ఇంకా రాకముందు, లెక్క ప్రకారం నీటిని పరీక్షించడానికి ఆఖరిసారి అక్కడికి వెళ్లాను. గెడ్డ పొడవునా మావులు. ఈసారి మూతులు పై వైపుకు తిరిగి ఉన్నాయి, దిగే చేపల కోసం. ఆ రోజు వాలుగ ఇచ్చిన ఆమె నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, ఇంట్లో కూర్చోబెట్టి పులుసుతో అన్నం పెట్టింది. వస్తుంటే తామరాకులో చుట్టిన పొట్లం చేతిలో పెట్టింది.

"దిగిన సేపే అమ్మా. దీన్ని నీళ్లలో ఒగ్గీకు."

ఆ సాయంత్రం ఇంటికి తెస్తే దాన్ని మా మేనత్తే పులుసు పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే రెండో ముద్ద కలుపుకుంది.

"ఇలాంటి సేప తిని ఎన్నాళ్లయిందే" అంది. "ఏ గెడ్డది?"

"నా గెడ్డది అత్తా" అన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసి, పొట్ట దగ్గరి మంచి ముక్క తీసి నా కంచంలో వేసింది.