కాలిన ఇంట్లో దేవమ్మత్త

మొన్న జి.మాడుగుల దగ్గర ఒక ఊళ్లో ఇల్లు కాలిందని తెలిస్తే, నర్సును కాబట్టి మందుల సంచీ పట్టుకుని వెళ్లాను. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తడిసిన బూడిద వాసన, అందులో కలిసిన మాడిన చోళ్ల, అంటే రాగుల, వాసన ముక్కుకు తగలగానే వాకిట్లోనే ఆగిపోయాను. దేవమ్మత్త పోయి అప్పటికి రెండేళ్లు. మోచేతుల దాకా మసి పూసుకున్న ఆమె చేతులు కళ్లముందు కదిలాయి.

చింతపల్లి కొండల్లో ఆమెది మా పక్కిల్లు. మొగుడు లేడు, కాఫీ తోటల్లో కూలికి వెళ్లేది. మాటలో తీపి ఉండేది కాదు. మా అమ్మ పోయిన రోజున ఊరంతా నన్ను పట్టుకుని ఏడిస్తే, ఆమె మాత్రం రేగిన నా జడ విప్పి, నూనె రాసి, మళ్లీ అల్లి వెళ్లిపోయింది.

ఆ మరుసటేడు, కాఫీ పళ్లు కోసే చలికాలంలో, మా ఇల్లు కాలింది. నాకు పదమూడేళ్లు. నాన్న తోటకు వెళ్లాక అంబలి కాచి, పొయ్యిలో కట్టె ఆర్పకుండానే బట్టలు ఉతకడానికి గెడ్డ వాగుకు పోయాను. తిరిగొచ్చేసరికి గడ్డికప్పు మండుతోంది. ఊరివాళ్లు బిందెలతో నీళ్లు పోసి ఆర్పేసరికి మట్టిగోడలు మిగిలాయి. నాన్న వచ్చి చూసి, కూలబడిపోయాడు. ఎలా అంటుకుందని అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే దేవమ్మత్త చేట, జల్లెడ తీసుకుని వచ్చింది.

"ఏటలా సూత్తన్నావు గుంటా? లెగు. మంచుకి బూడిద ముద్దకట్టేత్తది. బేగి ఏరాల."

రెండు రోజులు ఏరాం. బూడిద జల్లిస్తే కత్తిపీట, నాగలి కర్రు, తలుపు గొళ్లెం దొరికాయి. గిన్నెలను చింతపండుతో, ఇసుకతో తోమాం. చోళ్ల గంపలో ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తీసి నమిలింది. "పొగ వాసనే. తినొచ్చు" అంది. విత్తనాలు మాత్రం పూర్తిగా పోయాయి. తన ఇంటి నుంచి రెండు మానికల విత్తనాలు తెచ్చి పెట్టింది.

రేకు పెట్టెలో అమ్మ చీర ఒకటి దొరికింది. మడతల వెంట గోధుమరంగుకు తిరిగి ఉంది.

"దాన్ని ఉతక్కు. నీల్లు తగిల్తే పోద్ది. అలాగే ఉంచు" అంది అత్త.

నేను వినలేదు. దాన్ని శుభ్రం చేసి నాన్న చేతిలో పెడితే నా తప్పు కొంతైనా తీరుతుందనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా గెడ్డకు తీసుకెళ్లి ముంచాను. చీర నా వేళ్ల మధ్యే పేలికలై, నీళ్లలో కొట్టుకుపోయింది. వెనక నుంచి అత్త వచ్చింది. తిడుతుందనుకున్నాను. పక్కన రాతి మీద కూర్చుంది.

"అత్తా, పొయ్యి ఆర్పకుండా వచ్చేశాను. నేనే" అన్నాను.

"తెలుసు. పొయ్యి మూలే ముందు కాలింది."

"నాన్నకి చెప్పేస్తావా?"

"నానెందుకు సెప్తాను? నువ్వే సెప్పాల. పద, నానూ వత్తాను."

నాన్న కాలిన వాసాలు లాగుతున్నాడు. రెండూ చెప్పాను: పొయ్యి సంగతి, చీర సంగతి. ఆయన చేతిలోని వాసం కింద పడింది.

"నువ్వా?" అన్నాడు. "ఆ పొద్దున్న సుట్ట ముట్టించుకుని పుల్ల విసిరేశాను. గడ్డిలో పడిందేమోనని రెండ్రోజులుగా... మీ అమ్మ కట్టుకున్న ఇల్లు నానే కాల్సేసాననుకుంటన్నానమ్మా."

అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. దేవమ్మత్త అటు తిరిగి జల్లెడ దులుపుకుంది.

ఆమె పోయిందన్న కబురు అందినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఘాట్ రోడ్డులో జీపు దొరికి ఊరు చేరేసరికి మట్టి చేసేశారు. బతికుండగా ఆమెకు ఒక్క మంచిమాట చెప్పలేకపోయాను. ఆస్పత్రిలో నా చేతి మీదుగా ఏ పొరపాటు జరిగినా ఆ పూటే వెళ్లి ఒప్పుకుంటాను. తిట్లు తిన్నాను, ఒకసారి బదిలీ కూడా అయింది. అయినా నేను నోరు మూసుకుంటే, ఆ తప్పు తనదేననుకుని ఎవరో లోలోపల కుమిలిపోతుంటారేమోనన్న భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. వదలకూడదనే కోరుకుంటాను.