కోతపండుగలో బీడీల చాట

మా చర్చిలో కోతపండుగ అంటే ఎవరి కష్టం వాళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టడం. పొలం ఉన్నవాళ్లు వడ్లు, మక్కలు, పసుపుకొమ్ములు తెస్తారు. కోళ్లు తెచ్చేవాళ్లుంటారు, గుమ్మడికాయలు తెచ్చేవాళ్లుంటారు. పాస్టరుగారు ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా ఎత్తి, ఇది ఫలానా ఇంటివాళ్ల కష్టం, దీవించు ప్రభువా అని ప్రార్థన చేస్తాడు. ఆరాధన అయ్యాక వాకిట్లో అన్నిటినీ హర్రాజు పాడతారు. బజార్లో తక్కువకు దొరికే కోడి ఆ రోజు మా వాకిట్లో మూడింతలు పలుకుతుంది. దాన్ని భక్తి అంటారు. నాకు ఆ భక్తి ఏనాడూ అబ్బలేదు. ఇవ్వదలచుకున్నది చేతిలో పెట్టి ఇస్తాను గానీ, మధ్యలో కోడి ఎందుకు?

మాది కోరుట్లలో చిన్న మెథడిస్టు సంఘం. ఆదివారం అందరూ వచ్చినా మగవాళ్లవైపు రెండు చాపలు ఖాళీగానే ఉంటాయి. ఆడవాళ్లలో సగం మందికి పైగా బీడీలు చేసి బతికేవాళ్లం. నేను ఎల్లంతకుంట నుంచి కోడలిగా వచ్చిన వారానికే మా అత్త నా ఒడిలో చాట పెట్టింది. తునికాకు నానబెట్టడం, కొలతకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. దారం ఒక చుట్టు ఎక్కువ తిప్పితే చేతి మీద కొట్టేది. ఆ దెబ్బలకు నేను కోపం తెచ్చుకోలేదు. ఈ రోజుకూ మా ఇంట్లో దారం ముక్క నేల మీద పడదు. ఆకు కత్తిరింపులన్నీ నీళ్లు కాచే పొయ్యిలోకి పోతాయి.

మిషన్ బడిలో మూడో తరగతి వరకే చదివాను. బైబిలు కూడబలుక్కుని చదువుతాను. ఇది కూడా అట్లాగే రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే నా మనవరాలు దిద్దుతుంది, మాటలు మాత్రం దిద్దనివ్వను.

పొద్దున అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేయడం మా ఆడవాళ్ల అలవాటు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి పెద్ద గంపలో కుమ్మరిస్తాం. అందులోంచి కొంత పాస్టరుగారింటికి పోతుంది, కొంత ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లింటికి పోతుంది. ఇల్లు ఇరుకైన రోజుల్లో కూరలో నూనె తగ్గించాను, పిల్లల అంగీలకు మాసికలు వేశాను, ఆ పిడికిలి మాత్రం చిన్నది చేయలేదు. ఒకసారి మా ఇంటికీ ఆ బియ్యం వచ్చింది. నా భర్త పోయిన నెల అది.

ఆయన ఛాతీ జబ్బుతో పోయాడు. జగిత్యాల ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, ఎన్నేళ్లనుంచి బీడీలు తాగుతున్నాడని అడిగాడు. చెప్పాను. అవి ఎక్కడి బీడీలో మాత్రం చెప్పలేదు. కార్ఖానాలో గుమాస్తా బాగాలేవని పక్కకు తీసేసిన వంకర బీడీలను వృథా పోకుండా ఇంటికి తెచ్చి, నేనే ఆయన చేతికిచ్చేదాన్ని. అది పొదుపు అనుకున్నాను.

ఆయనను మట్టి చేసిన తర్వాత వచ్చిన ఆదివారమే ప్రభువు బల్ల, ప్రభువు శరీరమని రొట్టె పంచుకునే రోజు. అప్పుడున్న ముసలి పాస్టరుగారు అందరినీ రమ్మని పిలిస్తే నేను లేవలేకపోయాను. ఆయనకు ఏం తెలుసో, ఏం తెలియదో, నా దగ్గరికి వచ్చి వంగి, "లే బిడ్డా, తప్పు చేయనోళ్లకు గాదు గీ బల్ల" అన్నాడు. పోయాను. మోకాళ్ల మీద పడి ఏడ్చాను, రొట్టె మింగాను. నాకూ ప్రభువుకూ మధ్య ఆ సంగతి ఆ రోజు తేలిపోయింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. బీడీ మంచిదని నేను అనను. దాని సంగతి నాకు తెలిసినంత ప్రసంగాలు చేసేవాళ్లెవరికీ తెలియదు.

పోయిన ఏడాది ఎండాకాలం జగిత్యాలలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు పొగాకు గురించి గంటసేపు మాట్లాడాడట. ఆటో కిరాయి దండగని నేను పోలేదు. మా పాస్టరుగారు పోయాడు. ముప్పై ఏళ్లు నిండని మనిషి, మా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది, మంచివాడే. మరుసటి ఆదివారం ఆ మాటలే మోసుకొచ్చాడు. పొగాకు పట్టిన చేతులతో ప్రభువు బల్లను ముట్టవచ్చునా, మీ మనస్సాక్షినే అడగండి అన్నాడు. రావద్దని అనలేదు. అన్నా బాగుండేది, అక్కడికక్కడే ఎదురు చెప్పేదాన్ని.

అది నెల మొదటి ఆదివారం. బల్లకు పిలిచినప్పుడు నా కోడలు సగం లేచి మళ్లీ కూర్చుంది. ఆమెను చూసి బీడీలు చేసే ఇంకో నలుగురు కూర్చుండిపోయారు. నేను ముందు నడిచాను, వెనక్కి చూసుకోలేదు. రొట్టె నోట్లో వేసుకున్నాక పక్కకు చూస్తే కోడలు లేదు. ఆ రొట్టెను ఆమె లేకుండా తిన్నానే అన్న సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

నా కోడలిది సిరిసిల్ల. తండ్రి అక్కడ సాంచాల మీద బట్ట నేస్తాడు. మరమగ్గాన్ని మా దిక్కు సాంచా అంటారు. నోరు లేని పిల్లని పెళ్లప్పుడు అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. నోరు లేకపోతే కార్ఖానాలో గుమాస్తా సగం బీడీలు తీసి పారేస్తాడు. ఆ మధ్యాహ్నం ఆమె నిమ్మచెక్కతో, బూడిదతో చేతులు రుద్దుకుంటుంటే, నిన్ను రావద్దన్నది ఎవరని అడిగాను.

"ఎవలు వద్దన్లే అత్తమ్మా. నాకే పోబుద్ధి గాలే. ఎంత కడిగినా వాసన పోతలేదు."

"నా చేతులు వాసన రావానే?"

ఆమె ఇంకో నిమ్మచెక్క అందుకుంది. నిమ్మకాయలు దండగ చేయకని కసిరాను. నా కొడుకు ట్రాలీ ఆటో నడుపుతాడు, కిరాయి తగిలిన రోజు తగులుతుంది, లేని రోజు లేదు. బీడీలు మానేసే దారి ఆమెకు లేదు, చేసుకుంటూ బల్లకు పోయే ధైర్యమూ లేదు. నెల నెలా చాప అంచున కూర్చుని చేతులు కొంగులో దాచుకునేది. బల్ల ముందురోజు శనివారం నుంచే దిగులుతో తిండి తగ్గించేది. ఇట్లా ఇంకో ఏడాది గడిస్తే ఈ పిల్ల చర్చికే రాదని నాకు అర్థమైంది. నేను తలెత్తలేని రోజున నాకు దొరికిన చోటు ఈమెకు లేకుండా పోతోందంటే నాకు ఒళ్లు మండింది.

తర్వాతి నెల నుంచి నేనూ లేవలేదు. మూడు నెలలు గడిచినా పాస్టరుగారికి సంగతి తెలియలేదు. నాకు మోకాళ్ల నొప్పులనుకుని, రొట్టె చాప దగ్గరికే తెమ్మంటారా పెద్దమ్మా అని అడిగాడు. మోకాళ్లు బాగానే ఉన్నాయని చెప్పాను.

కోతపండుగ వారం ఉందనగా పాస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. మెత్తని మనిషి. బీడీలు చేసే ఇళ్లవాళ్లు ఈసారి ఏదైనా కొనుక్కొచ్చి పెడితే బాగుంటుందని అయ్యగారు అంటున్నారు, మీరు ఒక గుమ్మడికాయ తెస్తే చాలు అంది.

"గుమ్మడికాయ నా ఇంటి మీద గాసిందా అమ్మా?" అన్నాను.

చాయ్ తాగి వెళ్లిపోయింది. నేను ఆ వారమంతా గుమ్మడికాయ మాట ఎత్తలేదు. కొననని కోడలికి తెలుసు, ఏం చేస్తానో మాత్రం తెలియదు.

పండుగనాడు చర్చి నిండింది. కానుకల తర్వాత ఆ రోజు బల్ల కూడా ఉంది. కోడలి తండ్రి కూడా సిరిసిల్ల నుంచి వచ్చాడు, తన సాంచా మీద నేసిన చద్దరు మడతపెట్టి తెచ్చాడు. పాస్టరుగారు దాన్ని ఎత్తి, నేసిన చేతులను దీవించు ప్రభువా అన్నాడు. వడ్లు ఎత్తాడు, పసుపు ఎత్తాడు. కాళ్లు కట్టిన కోడి రెక్కలు కొట్టుకుంటుంటే దాన్నీ ఎత్తాడు. అందరూ పెట్టడం అయ్యాక నేను లేచాను. కోడలు నా కొంగు పట్టి, "అత్తమ్మా, వద్దు" అంది. కొంగు లాక్కుని పోయి, నా చాట తీసుకెళ్లి చద్దరు పక్కన పెట్టాను. అందులో నానిన ఆకు, తంబాకు, దారం ఉండ, కత్తెర, సగం చుట్టిన కట్ట ఉన్నాయి. పెట్టి, అక్కడే నిలబడ్డాను.

పాస్టరుగారి చేతులు చాట దాకా వచ్చి ఆగాయి. ఆయన వెనక్కి తిరిగి, కానుకల ప్రార్థన ముగించడానికి పుస్తకం తీశాడు.

"అయ్యగారూ, ఒకటి మిగిలింది" అన్నాను.

"అది ఇక్కడ పెట్టేది కాదు పెద్దమ్మా. ఆరాధన తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత హర్రాజు ఉంటది. ఇప్పుడే మాట్లాడుదాం. ఏడాది పొడుగూత మా ఇండ్ల పిడికెడు బియ్యం మీ పొయ్యి మీద ఉడుకుతున్నయి. గవి ఏ కష్టంతోని కొన్నయో ఒక్కనాడన్న అడిగిన్రా?"

మగవాళ్లవైపు నుంచి ఎవరో, ఆడోళ్లు చర్చిల గిట్ల మాట్లాడద్దు అన్నారు. నేను ఆ వైపే తిరిగాను.

"మేం చేసిన బీడీలు తాగేటోళ్లు గీడనే కూసున్నరు. నెలనెలా బల్లకు వస్తున్నరు. చేసినోళ్లేమో చాప మీదికెల్లి లేస్తలేరు. గిదేం న్యాయమో నాకు సమజ్ గాలే. మూడో తరగతి సదివినదాన్ని, జెర మీరే సమజ్ చేయుండ్రి."

ఎవరి పేరూ తీయలేదు. అంతలో మగవాళ్లలో ఒక దగ్గు మొదలై ఎంతకూ ఆగలేదు. రొట్టె పళ్లెం అందించే సంఘపెద్ద దగ్గు అది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు, నన్ను అక్కా అంటాడు. ప్రతి ఆదివారం ప్రసంగం మధ్యలో నీళ్లు తాగొస్తానని బయటికి పోతాడు. ఆయన తాగేది నీళ్లు కావని మా ఆడవాళ్లందరికీ తెలుసు. చర్చి వెనక గోడ దగ్గర పడి ఉన్న ముక్కల మీది దారపు కట్టు చూసి, అది ఎవరి చేతిదో కూడా చెప్పగలం. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత పెద్దవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను నవ్వలేదు.

దగ్గు తగ్గాక ఆయన లేచి, తన దగ్గరున్న రొట్టె పళ్లెం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు.

"అక్క అన్నది నన్నే. ముప్పై ఏండ్ల సంది తాగుతున్న, నన్నెవలు ఆపలే. గట్లైతే ఇయ్యాల నేను సుత రాను" అని వచ్చి మా చాప చివర కూర్చున్నాడు.

పాస్టరుగారు ఒక్కడే నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేనూ చాప మీదికి వచ్చి కూర్చున్నాను. పాస్టరు పిల్లవాడే, బెదిరిపోయాడని తర్వాత జాలిపడ్డాను గానీ అప్పుడు పడలేదు. చాలాసేపు ఆయన పుస్తకంలోకే చూశాడు. చివరికి పుస్తకం మూసి, పళ్లెం చేతిలోకి తీసుకుని, మెట్టు దిగి మావైపు నడవసాగాడు. రొట్టె మేం కూర్చున్న చోటికే తెస్తున్నాడు. బాగానే ఉందనుకున్నాను. గెలిచామనుకున్నాను.

అప్పుడు నా కోడలు మాట్లాడింది. ఆ గొంతు చర్చిలో ఎవరూ విని ఉండరు.

"మీరు ఆడనే ఉండుండ్రి అయ్యగారూ. నాకు కాళ్లున్నయి. నేనే వస్త."

లేచింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. కోడలు ఆయనను దాటి బల్ల దగ్గరికి పోయి మోకాళ్లూని, కొంగులోంచి రెండు చేతులూ తీసి చాపింది. గోళ్ల చుట్టూ ఆకుమరక నల్లగానే ఉంది. ఆయన పళ్లెంతో వెనక్కి వచ్చి ఆ చేతుల్ని చూశాడు. చూసి, రొట్టె పెట్టాడు. ఆ నలుగురూ లేచారు, నేనూ లేచాను, నా వెనక కండక్టరు లేచాడు. సిరిసిల్ల వియ్యంకుడు మగవాళ్లవైపు కూర్చుని కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు.

చాటను మాత్రం ఆయన ఎత్తలేదు. హర్రాజు దగ్గర నేను దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి బయల్దేరితే కండక్టరు అడ్డం వచ్చాడు.

"కానుక పెట్టి వాపస్ తీస్కపోతవా అక్కా?"

"దీవించనిది కానుకెట్లయితది? రేపు కార్ఖానాకు కట్టలు ఇయ్యాలె, జరుగు."

పాస్టరుగారు తర్వాత రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. పొగాకు తప్పేనని ఇప్పటికీ అంటాడు. నేను కాదనను, కార్ఖానా సేటుతో చెప్పుమంటాను, దుకాణం వాళ్లతో చెప్పుమంటాను. బల్ల దగ్గర చేతుల వాసన సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే మా ఇంట్లో జవాబు చెప్పే నోళ్లు ఇప్పుడు రెండు.

ఈ ఏడు కోతపండుగ దగ్గరికొచ్చింది. చాట మళ్లీ పెడతాను. ఎత్తితే ఎత్తుతాడు, ఎత్తకపోతే వచ్చే ఏడు కూడా పెడతాను. నిన్న ఆకు కత్తిరిస్తూ ఆ మాటే అంటే, కోడలు తలెత్తకుండా, ఈసారి అది మోసేది నేనే అంది.