గొల్లభామకి మొగుణ్ణి తెచ్చిన నాన్న

ఆ రోజుల్లో ఇంటర్ తప్పినవాళ్ళని మా చోడవరంలో ‘సెప్టెంబరు’ అనేవారు. సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష రాయాలి గనక ఆ బిరుదు. ‘మేష్టారి గుంట సెప్టెంబరటగదా!’ అంటే చాలు, వీధి వీధంతా అయ్యో పాపం అనేసేది. తొంభైల మొదట్లో ఆ బిరుదు నాకూ దక్కింది, అదీ జువాలజీలో. (ఫిజిక్సులో పోయినా కాస్త మర్యాదగా ఉండేది. డాక్టర్నవుతానని ఊరంతా చెప్పుకు తిరిగిన పిల్ల కప్పల దగ్గరా, బొద్దింకల దగ్గరా బోల్తా పడిందంటే ఎంత అప్రతిష్ఠో చూడండి.) ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, పదిహేడేళ్ళ వయసులో ఇక బతుకు అక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాను.

మా నాన్న బుచ్చయ్యపేట హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఎవరెవరి పిల్లల్నో పాస్ చేయించిన మనిషి. రిజల్ట్స్ వచ్చిన రోజు ఆయన తిట్టలేదు, కొట్టలేదు, నాతో మాట్లాడ్డం మానేసేరంతే. ఏం చెప్పాలన్నా అమ్మకే చెప్పేవారు, నేను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. “ఆవిడగారిని అన్నానికి రమ్మను.” “ఆవిడగారిని ఆ ఫేను ఆపమను.” అమ్మ మధ్యలో నిలబడి, “విన్నావు కదే, మళ్ళా నాసేత సెప్పిస్తావేటి?” అని విసుక్కునేది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే నేను పెరట్లోకి జారుకునేదాన్ని. ఆ పెరట్లోనే, బీరపాదు మీద, మా దొరసాని కనిపించింది.

దొరసాని అంటే ఒక గొల్లభామ. ఆకుపచ్చగా, నా వేలంత పొడుగు, ముందుకాళ్ళు రెండూ ముడుచుకుని, మెడ తిప్పి మరీ నన్ను చూసింది. అన్ని రోజుల్లో నన్ను అంత తిన్నగా చూసినవాళ్ళు లేరు. వెంటనే గాజుసీసాలో పెట్టి, మూతికి పాత దోమతెర గుడ్డ కట్టి, లోపలికి తెచ్చేను. అమ్మ గగ్గోలు పెట్టింది. “పురుగుల్ని పెంచుతావా? బయట పారీ! ముందు పారీ!” మాది ప్రార్థన లేనిదే పొయ్యి వెలగని ఇల్లు. అంచేత నాకు చటుక్కున ఓ ఉపాయం తోచింది. “అమ్మా, ఇంగ్లీషులో దీని పేరే ప్రేయింగ్ మాంటిస్. ప్రార్థన చేసుకునే పురుగని అర్థం. చూడు, చేతులెలా జోడించిందో” అన్నాను. అమ్మ కళ్ళజోడు తెచ్చి పెట్టుకుని చాలాసేపు చూసింది. “పాపం, భక్తిగానే ఉంది” అని కిటికీలో చోటిచ్చింది. (ఆ చేతులు జోడించేది ఈగల్ని పట్టడానికని నేను చెప్పలేదు, అమ్మ అడగలేదు.)

ఈగలకేం లోటు లేదు, కిటికీకి అవే వచ్చేవి, పట్టి సీసాలో వదిలేదాన్ని. కానీ దొరసానికి వాటితో కడుపు నిండేది కాదు. ఓ సాయంత్రం నాన్న స్కూలు నించొచ్చి, చేతిసంచీ దించి, ఏమీ అనకుండా ఓ అగ్గిపెట్టె సీసా పక్కన పెట్టి వెళ్ళిపోయేరు. తెరిచి చూస్తే లోపల మిడత! మర్నాడు ఇంకోటి. బుచ్చయ్యపేట చెరకుతోటల్లో, మా లెక్కల మేష్టారు, ఇస్త్రీ చొక్కాతో మిడతల వెంట పడడం ఎవరైనా చూసుంటారా అని ఊహించుకుంటే నవ్వాగేది కాదు. కానీ మాట మాత్రం లేదు. నేనూ ఆడలేదు. నాకూ పౌరుషం ఉండేది మరి.

తర్వాత ఓ రోజు అగ్గిపెట్టెలోంచి సన్నగా, బక్కగా, కాస్త భయం భయంగా మరో గొల్లభామ వచ్చింది. మగది. అమ్మ సంబరపడిపోయి, “అల్లుడొచ్చేడే!” అంది. అల్లుడు ఓ పూటంతా సీసా అంచునే నిలబడి, అడుగులో అడుగు వేసుకుంటూ దొరసాని దగ్గరికి చేరేడు. మేం పక్కకి తప్పుకున్నాం, అదేదో మర్యాదన్నట్టు. మర్నాడు పొద్దున్న నాన్న పళ్ళు తోముకుంటూ కిటికీ దగ్గరికొచ్చి, సీసాలోకి తొంగి చూసి, నా వైపు తిరిగేరు.

“అల్లుడేడే?” అన్నారు.

రిజల్ట్స్ వచ్చేక ఆయన నాతో అన్న మొదటి మాట అది.

“తినేసింది నాన్నా.”

“ఎవరు?”

“పెళ్ళామే.”

నాన్న నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయేరు. తల తిప్పి, వంటింట్లో పిండి కలుపుతున్న అమ్మకేసి ఓసారి చూసేరు. తర్వాత నురగంతా చొక్కా మీద పడేలా నవ్వడం మొదలెట్టేరు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. “ఏటయిందేటి?” అని అమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. సంగతి విని, “అంత ప్రార్థన చేసీ ఇదేం పనే తల్లీ!” అని దొరసానిని నిలదీసింది.

కొన్నాళ్ళకి దొరసాని సీసాలోని పుల్లకి నురగలాంటిది అంటించింది. అది గట్టిపడి గోధుమరంగు గూడయింది. లోపల గుడ్లు. ఆ పని కాగానే దొరసాని నీరసించిపోయి, ఓ రోజు కదలడం మానేసింది. బీరపాదు మొదట్లో పాతిపెట్టేం. గూడు మాత్రం కిటికీలోనే ఉంది, ఉలుకూ పలుకూ లేకుండా.

ఓ శనివారం పొద్దున్న మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరు అయ్యగారు తెల్ల చొక్కా వేసుకొచ్చి కిటికీ కిందే కూర్చున్నారు. అందరం కళ్ళు మూసుకుని మోకాళ్ళ మీద ఉన్నాం. నా చెవి మీద ఏదో పాకింది. కళ్ళు తెరుద్దును గదా, చీమలంతేసి గొల్లభామలు దోమతెర కన్నాల్లోంచి దారాల్లా వేలాడుతూ దిగిపోతున్నాయి! అయ్యగారి భుజాల మీద, బట్టతల మీద, ఎటు చూసినా అవే. అమ్మ కూడా కళ్ళు తెరిచి, “ఏసయ్యా!” అని పెద్ద కేక పెట్టింది. (అది ప్రార్థనలో భాగమే అనుకుని అందరూ ‘ఆమెన్’ అన్నారు.) అయ్యగారు నెమ్మదిగా కళ్ళు విప్పి, చేతి మీద బుల్లి కాళ్ళు జోడించి నిలబడ్డ ఒకదాన్ని చూసి, “నా కూడికకి ఇంతమంది ఎప్పుడూ రాలేదమ్మా” అన్నారు. అమ్మ అప్పటిగ్గానీ ఊపిరి తీసుకోలేదు.

వాటిని కాగితాల మీదకి ఎక్కించి పెరట్లో వదిలేం, నేనూ నాన్నా. ఆయన లుంగీ ఎగ్గట్టి, ఒక్కో ఆకు మీదా ఒక్కోదాన్ని దించుతున్నారు. “ఇవన్నీ బతుకుతాయేటే?” అన్నారు.

“లేదు నాన్నా. చాలామట్టుకు పోతాయి. ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా.”

“ఎవరు చెప్పేరు?”

“జువాలజీ పుస్తకాల్లో చదివేను.”

“అయితే చదువుతన్నావన్నమాట” అన్నారు, ఆకు మీంచి తలెత్తకుండా.

సెప్టెంబరులో గట్టెక్కేను, బొటాబొటీ మార్కులతో. డాక్టర్ని కాలేదు, బేంకులో గుమాస్తానయ్యేను. చాలా ఏళ్ళ తర్వాత నాన్నని అడిగేను, అన్నాళ్ళు అంత కోపం ఎందుకని. ఆయన ఆశ్చర్యపోయేరు. “కోపం రెండ్రోజులేనే. తర్వాత మాట ఎలా మొదలెట్టాలో తెలిసింది కాదు.”

మొన్న మా అబ్బాయికీ నాకూ ఏదో మాట పట్టింపొచ్చింది. వాడు గదిలో, నేను హాల్లో. కోపం ఎప్పుడో పోయింది, గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, ఇదే పని. ఆఖరికి తలుపు తోసి, “బయట వర్షమొస్తందేట్రా?” అన్నాను. కిటికీలోంచి ఎండ వాడి మంచం దాకా పడి ఉంది. వాడు ఎండకేసి చూసేడు, నాకేసి చూసేడు. “ఆ, బాగా వస్తందమ్మా” అని కాళ్ళు ముడుచుకుని, నేను కూర్చోడానికి చోటిచ్చేడు.