గోడలో పెట్టిన కార్డు

ఎనభైల్లో కామాఠీపురాలో మేముండే ఇరుకు గదుల వరస, మా చాల్‌లో ఒక మేస్త్రి ఉండేవాడు. పాలమూరు నుంచి వచ్చి తాపీ పట్టినవాడే గానీ, ఫాక్‌లాండ్ రోడ్డులో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకున్న రోజు నుంచి మేస్త్రీ అంటే పలకడం మానేశాడు. కంట్రాక్టర్ అనాలి. కార్డు మీద ‘పక్కా పని’ అని తెలుగులోనూ మరాఠీలోనూ ఉండేది. తడవకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించాడు.

పెళ్లికి వస్తే అక్షింతలు వేసి, పెళ్లికొడుకు జేబులో కార్డు పెట్టేవాడు. మా నాయన పోయిన రోజు నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. వదిలాక చూస్తే నా అరచేతిలో కార్డుంది.

మేం గిన్నెలు తోముకునే మూలకు గోడ కట్టింది ఆయనే. కడుతూ కడుతూ ఇటుకల మధ్య ఒక కార్డు పెట్టాడు. ఎందుకని అడిగాను.

“రేపు ఎవడన్న ఈ గోడ పలగ్గొడితే, మల్ల కట్టెటోడు కావాలె గద,” అన్నాడు.

ఎవరూ పగలగొట్టలేదు. మొదటి వానకే కూలింది. అమ్మ అప్పుడే గిన్నెలు తీసుకుని లోపలికి వచ్చింది కాబట్టి బతికింది.

సాయంత్రం పరామర్శకు వచ్చాడు. ఇటుకల కుప్ప చూసి తల ఊపాడు.

“వాన జబర్దస్త్ పడ్డదక్కా,” అంటూ అమ్మకు కొత్త కార్డు అందించాడు.

ఆ కుప్పలోంచి ఏరి, కడిగి గూట్లో పెట్టిన కార్డును అమ్మ తీసి చూపించింది.

“కొత్తది వద్దు తమ్మీ. నీ గోడ కూలింది గని, అండ్ల పెట్టిన కార్డు మంచిగనే ఉన్నది.”