అక్క మిషనుకు నేను పోసిన ఆముదం

ఆ రోజుల్లో మనిషి ఎంత చదివాడో తెలుసుకోవాలంటే అతని దీపపు బుడ్డి ఎంత మసిబారిందో చూస్తే చాలని నేను నమ్మేవాణ్ని. మా బుడ్డి వాడలో అందరి బుడ్లకంటే నల్లగా ఉండేది. రామన్నపేటలో మాకొక గ్రంథాలయం ఉండేది. గ్రంథాలయం అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. ఒక కిరాయి గది, రెండు చెక్క బీరువాలు, ఒక చాప, అంతే. రజాకార్ల కాలంలో ఆ పుస్తకాలను నలుగురం పంచుకుని ఇండ్లలో జొన్నల గుమ్ముల్లో దాచాం. పోలీసు చర్య అయ్యాక బయటికి తీసి దులిపితే ఒక్కో పుటలోంచి నాలుగు గింజలు, రెండు పురుగులు రాలాయి. నా వాటాకు వచ్చినవాటిని దాచిన కాలంలోనే ఒక్కొక్కటిగా తీసి చదివేశాను. ఉర్దూ బడిలో అయిదో తరగతితో ఆగిపోయి, తెలుగు సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్న నాకు అచ్చులో ఉన్నదంతా వేదమే. పద్దెనిమిదేళ్ల వయసు, అందులో వేదం తెలిసినవాణ్ని. ఇంట్లోవాళ్లు ఎట్లా భరించారో ఇప్పుడు తలచుకుంటే జాలేస్తుంది.

అప్పటికి మా బావ జైలులో ఉన్నాడు. దొరలకు ఎదురుతిరిగిన సంఘంలో తిరిగాడని పట్టుకుపోయారు. అక్క మా ఇంటికి వచ్చి ఆరు నెలలు కావస్తోంది. పగలంతా పని చేసేది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు అన్నం దగ్గర ఉన్నట్టుండి అంది: "బాపూ, నేను మిషన్ కుట్టుడు నేర్సుకుంట."

"ఆడివిల్ల దర్జీపని చేసుడు మన దిక్కు యాడన్న ఉన్నదా బిడ్డా?"

"లేకుంటె ఇగ ఉంటది."

బాపు ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. మింగిన తర్వాత సరేనన్నాడు. కొనే మిషను ఎంచే బాధ్యత నేను తీసుకున్నాను (ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను), ఎందుకంటే గుమ్మిలోని పుస్తకాల్లో యంత్రాల గురించిన పుస్తకం కూడా ఒకటి ఉంది.

బజారులో ఒక ముసలి దర్జీ చూపు మందగించి కొట్టు మూసేస్తున్నాడు. ఊరంతా ఆయన్ను చిచ్చా అని పిలిచేది. ఆయన దగ్గర రెండు పాత చేతి మిషన్లు ఉన్నాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా బంగారు పూలతో ఉంది. రెండోదాని పూలన్నీ అరిగిపోయి, గుడ్డ రాసుకున్నచోట రంగు పోయి ఇనుము తెల్లగా బయటపడింది. నేను పూల మిషను మీద చెయ్యివేసి, "పైభాగం చూస్తేనే లోపలి ఆరోగ్యం తెలుస్తది చిచ్చా" అన్నాను. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, కానీ పుస్తకంలో ఉండదగ్గ మాట అనిపించింది.

"జర ఆగు బేటా," అన్నాడు చిచ్చా. "పూలు జూసి మిషన్ తీసుకుంటవా? పూలే కావాల్నంటె బంతిచెట్టు పెట్టుకో. బేటీ, నువ్వు రా. కండ్లు మూసుకొని చక్రం తిప్పు."

అక్క కళ్లు మూసుకుని పూల మిషను చక్రం తిప్పింది. ప్రతి చుట్టుకూ లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంటోంది. అరిగిన మిషను తిప్పితే చేటలోంచి జొన్నలు జారినట్టు ఒకటే చప్పుడు, మధ్యలో ఎక్కడా తెగలేదు. చిచ్చా ఒక పాత ధోవతి ముక్క మీద నాలుగు వేళ్ల పొడుగు కుట్టించి, దాన్ని తిరగేసి వేలితో తడిమాడు. "పైకుట్టు అందరు జూస్తరు బేటీ. కింది కుట్టు జూసేటోడే దర్జీ. గిదే నీ మిషన్. ఇంత మంది అంగీలు కుట్టి అరిగింది, ఊకెనే అరగలె."

అమ్మ ఇచ్చిన వెండి కడియాలు ఇచ్చి అక్క ఆ మిషను తెచ్చుకుంది. నేను మాత్రం మా మీద పాత ఇనుము అంటగట్టారని వారం రోజులు మూతి ముడుచుకున్నాను. చిచ్చా మిషనుతో పాటు ఒక చిన్న నూనె సీసా కూడా ఇచ్చాడు. "దినాం పని అయినంక లోపలి దూది తియ్యాలె. వారానికోపాలి ఒక్కొక్క బొక్కల ఒక్కటే చుక్క. గీ సీసా అయిపోతె నా తానకు రాండ్రి" అని చెప్పాడు.

అక్క రెండు నెలల్లో పిల్లల లాగులు, మా బాపు బనీను దాకా వచ్చింది. నూనె పని నాది. చలికాలం వచ్చేసరికి సీసా అయిపోయింది. బజారులో మిషను నూనె దొరకలేదు. ఆ రోజుల్లో ఉప్పు, దీపాలకు పోసే గ్యాసునూనే సరిగ్గా వచ్చేవి కాదు. చిచ్చా దగ్గరికి వెళ్లవచ్చు. కానీ నాలాంటివాడు అక్షరం రాని దర్జీని పోయి అడగడమా? మళ్లీ పుస్తకం తెరిచాను. తొలినాటి విమానాల ఇంజన్లకు ఆముదం వాడేవారు, అది ఎంత వేడికీ పలచబడదు అని అందులో ఉంది. మా చుట్టూ ఏ చెలక చూసినా ఆముదమే! ఆకాశంలో ఎగిరే యంత్రానికి పనికొచ్చింది మా అక్క యంత్రానికి పనికిరాదా? అదే రోజు అమ్మ గింజలు వేయించి, దంచి, ఉడికించి ఆముదం వండింది. ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే ఒక చిన్న చెంబుతో తెచ్చి, మిషనుకు ఎన్ని బెజ్జాలు ఉన్నాయో అన్నింట్లోనూ పోశాను. ఆ సాయంత్రం మిషను కిక్కురుమనకుండా తిరిగింది. నేను వాడంతా తిరిగి విమానాల సంగతి చెప్పాను.

ఆ తర్వాత దారం దొరక్క పదిహేను రోజులు మిషను మీద గుడ్డ కప్పే ఉంది. అప్పుడు వచ్చింది కబురు. శుక్రవారం నాడు బావను చూడటానికి ములాఖత్ దొరికింది. ఏడాదిలో అదే మొదటిసారి. అక్క ఎక్కడెక్కడో అడిగి దారం తెచ్చి, బావకు అంగీ కత్తిరించి సోమవారం పొద్దున్నే మిషను ముందు కూర్చుంది. మొదటి పక్క కుట్టేసరికి చక్రం బరువెక్కింది. రెండో పక్కకు రెండు చేతులు పట్టాల్సి వచ్చింది. చెయ్యి అతికించబోతే అసలు కదల్లేదు. నేను ముందుకొచ్చి బలమంతా పెట్టి తిప్పాను. సూది విరిగింది. ఒళ్లో చేతులు లేని అంగీ పెట్టుకుని అక్క నావైపు చూసింది.

"ఏం పోసినవు తమ్మీ?"

"ఆముదం."

"ఎంత?"

"చిన్న చెంబు."

అక్క విరిగిన సూది తీసి పక్కన పెట్టింది. అమ్మ అంది, "పోనియ్యి బిడ్డా, చేతిసూదితోని కుట్టరాదా, దినంల అయిపోతది." అక్క తల అడ్డంగా ఊపింది. "కుట్టరాక కాదమ్మా. ఇంటికాడ ఏడ్సుకుంట కూసున్న అనుకుంటుండు ఆయన. మిషన్ మీద కుట్టిన అని కండ్లజూస్తె గాని ఆ ఫికర్ పోదు." అప్పుడు తెలిసింది నాకు, ఆ మిషను అక్కకు ఏమిటో.

చిచ్చా ఇంటికి పరుగెత్తాను. ఆయన వచ్చి, కళ్లు సరిగ్గా కనపడవు గనుక మిషను మీద వేలు రాసి వాసన చూశాడు. "యా అల్లా! గిది మిషనా, బాలింత తలకాయనా?"

"విమానాలకు పోస్తరు చిచ్చా. పుస్తకంల ఉన్నది" అన్నాను, చివరి ప్రయత్నంగా.

"పోస్తరేమో బేటా. విమానం ఎగిరినంక ఆ ఆముదం గూడ కాలిపోతది. గీ మిషన్ యాడికి ఎగురుతది? గీన్నే కూసుంటది. కూసున్న ఆముదం బంక అయితది. గది నీ పుస్తకంల లేదా?"

ఇంట్లోకి వెళ్లి చూశాను. ఉంది. తర్వాతి పుటలోనే ఉంది. విమానాల మాట దగ్గరే నేను సంతోషంతో పుస్తకం మూసేశాను.

విడిభాగాలన్నీ గ్యాసునూనెలో నానబెట్టాలన్నాడు చిచ్చా. ఇంట్లో ఉన్నది ఒక్క సీసా, అది నేను చదువుకోవడానికి దాచుకున్నది. అడగకముందే తెచ్చి అక్క ముందు పెట్టాను. (అప్పుడు గ్రహాల మీద ఒక పుస్తకం చదువుతున్నాను. శని దాకా వచ్చి ఆగిపోయాను. తర్వాత ఆ పుస్తకం మళ్లీ నా చేతికి రాలేదు.) పాత ధోవతి పరిచి, విప్పిన ప్రతి మరనూ విప్పిన వరుసలోనే పెట్టాం. చిచ్చా వేళ్లతో తడుముతూ చెప్పేవాడు, అక్క విప్పేది, నేను గుడ్డపేలికతో బంక తుడిచేవాణ్ని. బాపు దాటిపోతూ అడిగేవాడు: "ఏమాయెరా, విమానం ఎప్పుడు లేస్తది?" మూడు రోజులు అదే ప్రశ్న. గురువారం మధ్యాహ్నానికి చక్రం మళ్లీ జొన్నలు జారినట్టు తిరిగింది. చిచ్చా తన అసలు నూనె చుక్కలు వేసి, ఇంకో సూది ఇచ్చాడు. సాయంత్రానికి అంగీకి రెండు చేతులూ వచ్చాయి. తీరా చూస్తే ఎక్కడ మిగిలిందో ఏమో, ఒక ఆముదపు చుక్క జారి మెడ కింద అణా బిళ్లంత మరక పడింది. ఉతికితే ఆరే వేళ లేదు.

నల్లగొండ జైలుకు నేనూ వెంట వెళ్లాను. కటకటాల అవతల బావ చిక్కిపోయి ఉన్నాడు. అంగీ అందుకుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అక్క, "తిరగేసి సూడు" అంది. బావ తిరగేసి కింది కుట్టు చూశాడు.

"గిది ఎవలు కుట్టిండ్రు?"

"నేనే. మిషన్ మీద."

బావ అక్కను చూశాడు, మళ్లీ కుట్టును చూశాడు. తర్వాత అంగీ ముఖానికి దగ్గరగా తీసుకున్నాడు. "ఇంటి వాసనొస్తాంది" అన్నాడు. వేలు మరక దగ్గర ఆగింది. "మరి గిదేంది?"

"అదా," అంది అక్క, "నీ బామ్మర్ది చదువు."

జరిగింది చెప్పేసరికి బావ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కాపలా జవాను కూడా నవ్వాడు. ఏడాది తర్వాత అక్క నవ్వడం నేను చూసింది ఆ రోజే. విడుదలై వచ్చినప్పుడు బావ ఒంటిమీద ఆ అంగీయే ఉంది, మరకతో సహా.

అక్క, బావ, చిచ్చా ఇప్పుడు లేరు. మిషను మాత్రం అక్క మనవరాలి దగ్గర తిరుగుతూనే ఉంది. దానికి నూనె వేసే రోజు ఆ పిల్ల, "తాతా, నువ్వు జర అవతల కూసో" అంటుంది. కూర్చుంటాను. నాకిప్పుడొక అలవాటు: పుస్తకంలో గొప్ప మాట కనపడగానే అక్కడ వేలు పెట్టి, ముందు తర్వాతి పుట చదువుతాను. ఆ పద్దెనిమిదేళ్ల పండితుడికి ఈ అలవాటు ఉండి ఉంటే అంగీకి ఆ మరక పడేది కాదు. మరక పడకపోతే ఆ రోజు కటకటాల దగ్గర వాళ్లిద్దరూ అట్లా నవ్వేవారా అన్నదానికి జవాబు మాత్రం ఎన్ని పుటలు తిప్పినా దొరకలేదు.