ఈరక్క గోవింద

ఓర్వకల్లులో గురక పెట్టేవాడెవడూ ఈరక్క ముందు రెండు చేతులూ ఎత్తి గోవిందా అనకుండా పళ్లు తోముకోలేదు. తెల్లవారగానే ఆమె వీధి వెంబడి చెవి ఒగ్గి నడిచేది. గురక గట్టిగా వినిపించిన చోట మంచంకోడును కాలితో తన్ని లేపేది. చర్చికి పోయే లేవి హల్లెలూయ అంటానన్నా సరేననేది గాని, చేతులు జానెడు దించితే మాత్రం ఒప్పుకునేది కాదు.

ఆమెకు భక్తి ముదిరిందని బండి తోలే గోపన్న నమ్మకం. అతని గురకకు ఎద్దులు పలుపులు తెంపుకునేవి. నడుమ ఉన్నట్టుండి గురకతోపాటు ఊపిరీ ఆగేది. మళ్లీ మొదలయ్యేదాకా భార్య మహాదేవమ్మ గుండె చేత్తో పట్టుకుని కూర్చునేది. ఈరక్కను తప్పించుకోవడానికి అతడు మంచం గడ్డివామి వెనక్కు మార్చాడు. గురకే దారి చూపించింది. బండిలో దూరి పడుకున్నాడు. బండి కూడా గురక పెట్టింది.

"తిరపతి కొండెక్కినోళ్లు గూడా ఇన్ని గోవిందలు కొట్టరక్కా" అని మొత్తుకున్నాడు.

"కొడితే పుణ్యమేలే. చేతులెత్తు" అంది ఈరక్క.

ఒకనాడు గోపన్న కుడిచెయ్యి లేచింది, ఎడమది లేవలేదు. సగం మొక్కు చెల్లిస్తున్నాడని పక్కింటివాళ్లు నవ్వారు. తనూ నవ్వబోతే గోపన్న మూతి ఒక పక్కకే పోయింది. ఈరక్క నవ్వలేదు. పరుగున పోయి కర్నూలు బస్సుకు ఎదురుగా రెండు చేతులూ ఎత్తి నిలబడింది. రోజూ రాత్రి ఓర్వకల్లులోనే పడుకునే డ్రైవరు అలవాటు కొద్దీ తనూ రెండు చేతులూ ఎత్తి గోవిందా అన్నాడు. బస్సు ఎవరి పుణ్యానో ఆగింది.

పక్షవాతమేనని, వెంటనే తేవడం మంచిదయిందని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడు. అప్పుడు చెప్పింది ఈరక్క. ఆమె మొగుడూ ఇట్లాగే గురక పెట్టి, నడుమ ఊపిరి ఆపేవాడట. ఒకనాడు పొద్దెక్కినా లేవకపోతే, అలసిపోయాడులే అని అందరూ వదిలేశారట. లేపి చూసేసరికి ఒక పక్క పడిపోయి ఉందట.

"మరి మాకు ముందే చెప్పకూడదా అక్కా?" అంది మహాదేవమ్మ.

"పక్షవాతం వచ్చిందేమో చూస్తాండా అంటే భయంతోనే సస్తారు గదమ్మా. గోవిందా అంటే దేవుడూ వింటాడు, చెయ్యి సంగతీ తెలుస్తాది."

గోపన్న ఇంటికొచ్చాడు. మెల్లమెల్లగా ఎడమచెయ్యి చెవిదాకా లేచింది. ఒక సాయంత్రం ఈరక్క కొంగు నలుపుకుంటూ అతని గడపలో నిలబడింది.

"గోపన్నా, నాకూ గురక ఉండాదంట. నా గురక నాకు యాడ వినపడ్తాది? రోజూ తెల్లారి వచ్చి నా చేతులెత్తించి పోప్పా. మంచంకోడు మాత్రం మెల్లగా తన్ను."